స్లయిడు మీద మా నెత్తురు

“మీరు యాడ నుంచి వచ్చినారు?”

నెల్లూరు జిల్లాలో ఈ మాట బస్సులో పక్క సీటు మనిషిని ఎవరైనా అడుగుతారు. అల్లూరనో కోటనో చెపితే అక్కడ తమకు తెలిసిన వాళ్ళ పేర్లు తీసి, ఇద్దరికీ తెలిసిన మనిషి దొరికేదాకా లాగి, చివరికి వరసలు కలిపేసుకుంటారు. మా పేరు విన్నాక అడిగితే మాత్రం ఇదే మాటకు అర్థం మారిపోతుంది. ఊరు చెపితే సరిపోదు. “అది కాదబ్బయా, అసలు మీరు...” అని సాగదీస్తారు. ఆ ‘అసలు’లో అరేబియా ఉంటుంది, తుర్కీ ఉంటుంది, 1947 తర్వాత పాకిస్తాన్ కూడా ఉంటుంది. మేం పుట్టిన వీధి మాత్రం ఉండదు.

ఈ ప్రశ్ననే శాస్త్రంగా అడిగే చోట మేం రెండేళ్ళు చదువుకున్నాం. ఆ చదువు గురించి, అక్కడ కలిసి బతికిన మనుషుల గురించి ఈ నాలుగు మాటలు.

మేమంటే ఐదుగురం. ముగ్గురు మగపిల్లలం, ఇద్దరు ఆడపిల్లలం. అందరిదీ నెల్లూరు సముద్రం పక్క బతుకే. ఒకరి ఇంట్లో సైకిల్ షాపు, ఒకరి ఇంట్లో ఎండుచేపల బేరం, ఒకరి నాన్న మసీదులో అజాన్ ఇచ్చే మనిషి, ఒకరి ఇంట్లో బీడీలు చుట్టే పని. ఐదో పిల్లది దూదేకుల ఇల్లు. ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టి బతికిన కుటుంబం. డిగ్రీలో జువాలజీ చదివాం. డాక్టరు సీటు మా జాతకంలో లేదు. అప్పటికి నెల్లూరులో విశ్వవిద్యాలయమూ లేదు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో. ఆ రోజుల్లో మనిషి శరీరం గురించి పీజీ చదవాలంటే మానవశాస్త్రం ఉన్న ఊరికి రైలెక్కి పోవాల్సిందే. పోయాం. 1991 నుంచి 1993 దాకా చదివాం. ఎక్కడ చదివామన్నది ఈ కథకు ముఖ్యం కాదు.

ఇంట్లో వాళ్ళకు ఆ చదువు పేరే అర్థం కాలేదు. “మనిషిని చదివేదేంది నాయనా, మనిషితో బతికేది నేర్చుకుంటే చాలదా?” అంది మాలో ఒకరి నానీ. ఆమె అడిగిన దానికి ఏ పేపర్లోనూ జవాబు రాయలేదు మేం.

జువాలజీలో కప్పను కోస్తారు. ఈ చదువులో కప్ప లేదు. పక్కన కూర్చున్న మనిషే పాఠం. వాడి ఎత్తు కొలవాలి, తల పొడవు, తల వెడల్పు కాలిపర్లతో పట్టాలి, ముక్కు కొలవాలి, వేలికి సిరా పూసి ముద్ర తీయాలి, వేలికొసన సూదితో పొడిచి రక్తం చూడాలి. తరగతిలో ఇరవైమంది లోపే. కాబట్టి ఎవరు ఎవరిని ముట్టుకోవాలి అన్న ప్రశ్న మొదటి వారంలోనే వచ్చి కూర్చుంది. జతలు కట్టమన్నారు. నిమిషంలో జతలు కట్టేసుకున్నారు, అందరూ తమ తమ వాళ్ళతో. మిగిలింది మేమూ, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చిన ఒక యానాది కుర్రవాడూ. మేం ఐదుగురం, బేసి సంఖ్య. అతనితో ఆరుగురం అయ్యాం. అట్లా మూడు జతలు కుదిరాయి. మా స్నేహానికి మొదటి కారణం లెక్క. తర్వాతి కారణాలు మెల్లగా వచ్చాయి.

కొలతల చరిత్ర మాకు మొదటి పాఠం. 1901 జనాభా లెక్కలకు కమిషనరుగా ఉన్న రిజ్లీ ముక్కు కొలతతో ఈ దేశంలో కులాల ఎచ్చుతగ్గులు తేల్చవచ్చునన్నాడు. ముక్కు ఎంత సన్నమైతే మనిషి అంత పైన, ఎంత వెడల్పయితే అంత కింద. మన వైపు ఆ పని చేసినవాడు ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. 1909లో రంగాచారితో కలిసి దక్షిణ భారతంలోని కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఆ సంపుటాలు లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉండేవి. మా యానాది మిత్రుడు అందులో తన జాతి గురించి ఉన్న పుటలు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చదివాడు. మేం దూదేకుల గురించి చదివాం. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఒకరికొకరం చెప్పుకున్నాం. మా ఆచారాలు, మా పెళ్ళిళ్ళు, మా తిండి, అన్నీ ఉన్నాయి. మాకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. కొలిచిన వాడికి పేరుంది, కొలిపించుకున్న వాడికి నంబరుంది.

కొలతల్లో కొంత మా వాళ్ళ చేతి పనీ ఉందని తర్వాత తెలిసింది. వేలిముద్రల వర్గీకరణను ప్రపంచమంతా హెన్రీ పద్ధతి అంటుంది. 1897లో కలకత్తాలో పెట్టిన వేలిముద్రల కార్యాలయం నుంచి వచ్చిన పద్ధతి అది. దాని లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ముప్పై రెండు అడ్డంగా, ముప్పై రెండు నిలువుగా, మొత్తం 1,024 అరల్లో ఎవరి వేలిముద్ర ఏ అరలో పడుతుందో చెప్పే సూత్రం హక్‌ది. పేరు మాత్రం వాళ్ళపైన కూర్చున్న తెల్ల అధికారిది. ఈ సంగతి మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఒక పాత పుస్తకంలో మేమే వెతుక్కున్నాం. నిశానీ వేసే వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలం. వేలిముద్ర అంటే మా ఇళ్ళలో అప్పు పత్రమే. ఆ ముద్రను చదవడం కనిపెట్టింది మా పేరు లాంటి పేరున్న మనిషని తెలిసిన రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

రక్తం ప్రాక్టికల్ రోజు వచ్చింది. స్లయిడు మీద రెండు చుక్కల రక్తం. ఒక చుక్కలో నీలం ద్రవం, ఇంకో దాంట్లో పసుపు ద్రవం. ఏది ముద్దలు ముద్దలుగా గడ్డ కడితే అది మన గ్రూపు. రెండూ కడితే ఏబీ. ఏదీ కట్టకపోతే ఓ. మాలో ముగ్గురిది బీ అని తేలింది. “తురకోళ్ళది బీ గ్రూపురా!” అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. నవ్వులు. ఐదు నిమిషాల్లో వాడి స్లయిడు మీద కూడా పసుపు చుక్క గడ్డ కట్టింది. వాడిదీ బీయే. ఈసారి మేం నవ్వలేదు. మా యానాది మిత్రుడు నవ్వాడు, అందరికీ వినపడేట్టు. ఆ క్లాసులో అతను గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

మనదేశంలో బీ గ్రూపు ఎక్కువ అని మొదట చూపించిన వాళ్ళు హిర్స్‌ఫెల్డ్ దంపతులు. మొదటి ప్రపంచ యుద్ధంలో సలోనికా దగ్గర చేరిన రకరకాల దేశాల సైనికుల రక్తం పరీక్షించి 1919లో అచ్చువేశారు. అందులో భారత సైనికులూ ఉన్నారు. జాతులను రక్తంలో వెతికే పని అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఏమయింది? లుడ్విక్ హిర్స్‌ఫెల్డ్ యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవం తీసుకున్న మనిషి. 1941లో నాజీలు ఆయన్ను వార్సా ఘెట్టోలోకి నెట్టారు. ఆయన నమ్మకం ఏమిటని అడగలేదు. తాతల రక్తం ఏమిటని అడిగారు. ఆ గోడల మధ్య టైఫస్ జ్వరంతో జనం రాలిపోతుంటే ఆయన అక్కడి పిల్లలకు రహస్యంగా వైద్యం పాఠాలు చెప్పాడు. తప్పించుకుని బతికి బయటపడ్డాడు. మాకు మానవ జీవశాస్త్రం అంటే గౌరవం కలిగింది ఈ కథతోనే. రక్తంలో జాతిని వెతికిన మనిషి, రక్తం పేరుతోనే గోడ వెనక్కి పోయాక, ఆకలితో ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. తరగతి అంటే అదీ అనిపించింది.

మమ్మల్ని నిజంగా నిలదీసింది వంశవృక్షం పాఠం. ఎవరి కుటుంబం వాళ్ళు నాలుగు తరాలు గీసుకు రావాలి. దగ్గరి చుట్టాల పెళ్ళికి రెండు గీతలు. మా పటాల నిండా రెండు గీతలే. పటం గోడకు తగిలించగానే ఒకరు లేచి, “వీళ్ళు చెల్లెళ్ళని చేసుకుంటారు సార్” అన్నారు. చిన్నాన్న కూతురు తెలుగు హిందూ ఇంట్లో చెల్లెలే. మా ఇళ్ళలో ఆ పెళ్ళి జరుగుతుంది. గదిలో ఒక రకమైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అసహ్యం ఉంది.

మా దూదేకుల పిల్ల లేచి బోర్డు దగ్గరికి పోయింది. ముందు అన్నదమ్ముల పిల్లల పెళ్ళి గీసింది. వాళ్ళకు పుట్టిన బిడ్డలో ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి కలిసే అవకాశం పదహారింట ఒకటి అని రాసింది. తర్వాత అక్క కూతురిని మేనమామ చేసుకున్న పెళ్ళి గీసింది. ఎనిమిదింట ఒకటి. సరిగ్గా రెట్టింపు. “మాకు అక్క కూతురంటే కూతురు. ఆ పెళ్ళి మాకు హరాం” అంది. మా క్లాసులో సగంమంది ఇళ్ళలో ఆ పెళ్ళి ఉంది. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి వరసల పెళ్ళిళ్ళు కూడదంటూనే, ఆచారం ఉన్న చోట వదిలిపెట్టింది. అందువల్లే మన వైపు మేనరికం నిలిచింది.

మేం గెలిచామని ఈ సంగతి చెప్పడం లేదు. రెండు పెళ్ళిళ్ళలోనూ బిడ్డలకు ప్రమాదం ఉంది. చెవుడుతో, మందబుద్ధితో పుట్టిన పిల్లలు మా వీధిలోనూ ఉన్నారు, వాళ్ళ వీధిలోనూ ఉన్నారు. ఒకరిది ఆచారం, ఇంకొకరిది అనాగరికం ఎట్లా అవుతుందన్నదే మా ప్రశ్న. ఆ రోజు తర్వాత ఒక రెడ్ల అమ్మాయి మా గదికి వచ్చి చాలాసేపు కూర్చుంది. ఆమెకు మేనమామతో సంబంధం ఖాయం చేసి ఉంది. ఆ లెక్క నిజమేనా అని రెండుసార్లు అడిగింది. ఆమె అడిగిన తీరు వేరు. క్లాసులో మమ్మల్ని అడిగిన తీరు వేరు. అప్పటి నుంచి ఆమె మా మనిషి. సెలవుల నుంచి వస్తూ గోంగూర పచ్చడి మాకో జాడీ విడిగా తెచ్చేది.

1992 డిసెంబరు 6 మేం ఫైనలియర్లో ఉండగా వచ్చింది. బాబ్రీ మసీదు కూలిన ఆదివారం రాత్రి మెస్‌లో మా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. పలకరించనూ లేదు. మేం ఏ మాట మాట్లాడినా అది ‘ముస్లింల మాట’ అయిపోతుందని మాకు తెలుసు. తినకుండా లేద్దామనుకుంటుండగా మా యానాది మిత్రుడు కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. అతని వెనక మైపాడు వైపు పట్టపు కులం కుర్రవాడు. ఆ తర్వాత రెడ్ల అమ్మాయి ఆడపిల్లల బల్ల నుంచి లేచి వచ్చింది. వాళ్ళూ ఏమీ మాట్లాడలేదు. సాంబారు అడిగి వేయించుకున్నారు. పెరుగు ఇటివ్వమన్నారు. అంతే. సెక్యులరిజం గురించి తర్వాత చాలా ఉపన్యాసాలు విన్నాం. మాకు ఇప్పటికీ గుర్తుండేది ఆ సాంబారు గరిటె చప్పుడు.

రెండు నెలలు తిరిగేసరికి, 1993 ఫిబ్రవరి చివర, రంజాన్ వచ్చింది. తెల్లవారుజామున సహర్ కోసం స్టవ్వు వెలిగిస్తే పట్టపు కుర్రవాడు నిద్ర లేచి వచ్చేవాడు. వేటకు పోయే ఇంట్లో పుట్టినవాడికి ఆ వేళ మెలకువ అలవాటే. “మా నాయన ఈ పొద్దుకి వల ఎక్కిస్తుంటాడు” అనేవాడు. మాతో పాటు రెండు ముద్దలు తిని, మేం నమాజు చేసుకుంటుంటే కిటికీ దగ్గర కూర్చుని పరీక్షకు చదువుకునేవాడు.

ఆ ఏడే మా ఫీల్డు క్యాంపు నెల్లూరు సముద్రపు ఒడ్డునే పడింది. బకింగ్‌హాం కాలువ దాటి సరుగుడు తోటల పక్కన బడిలో మకాం. పట్టపుపాళెం, యానాది గూడెం, ఆ పక్క పదిహేను గడపల సాయిబుల వీధి. అప్పటిదాకా కొలిచే వాళ్ళలో ఉన్నాం. ఆ ఊళ్ళో కాలిపర్లు పట్టుకుని మా వీధి లాంటి వీధిలోకే నడిచాం. మా నానీ లాంటి ముసలామె చెయ్యి పట్టుకుని సూదితో పొడవాలి. “కొలిచి ఏం జేస్తారు నాయనా?” అని అడిగింది ఆమె. సాయం చేస్తారని చెప్పలేం, చెయ్యరు. పుస్తకంలో రాస్తారని చెపితే ఆమెకేం ఒరుగుతుంది? మేం ఆమెతో ఉర్దూలో మాట్లాడితే ఆమె తెలుగులో జవాబిచ్చింది. ఆ వీధిలో ఇంటిమాట తెలుగే.

ఫారంలో మతం అని ఒక గడి. యజమాని పేరు చూసి చాలామంది ఆ గడి ముందే నింపేసేవాళ్ళు. ఒక ఇంట్లో పేరు మస్తానమ్మ. మా సహాధ్యాయి ముస్లిం అని రాసేశాడు. తలెత్తి చూస్తే ఆమె నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. పక్క ఇంట్లో మస్తానయ్య, ఆయన మెళ్ళో తులసి పూసలు. నెల్లూరు వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. కసుమూరు మస్తాన్‌వలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు ఆ పేరే పెడతారు. రెడ్లు, నాయుళ్ళు, యానాదులు, మేం, అందరం ఆ పేరు పంచుకున్నాం. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకే గడి నింపడం కష్టమయింది. ఆ రాత్రి క్యాంపులో మా ఐదుగురికీ ఎన్నడూ లేని గర్వం. మా జిల్లా పేర్లు వాళ్ళ ఫారానికి లొంగలేదు.

యానాది గూడెంలో కథ వేరు. అక్కడ కొన్ని కుటుంబాలు శ్రీహరికోట దీవి నుంచి వచ్చినవి. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు, 1970 చుట్టుపక్కల, వాళ్ళను కదిలించారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అడవిలో దుంపలు, తేనె, మందుమొక్కలు, పులికాట్ నీళ్ళలో చేపలు, ఇవీ వాళ్ళ బతుకు. మా మిత్రుడు ఆ ముసలివాళ్ళతో మాట్లాడుతుంటే పక్కన నిలబడి విన్నాం. యాడ నుంచి వచ్చారని వాళ్ళను ఎవరూ అడగరు. వాళ్ళే మొదటి వాళ్ళని పుస్తకాలన్నీ ఒప్పుకుంటాయి. అయినా నేల దక్కలేదు. మొదటి వాళ్ళమని నిరూపిస్తే న్యాయం జరుగుతుందన్న భ్రమ మాకు ఆ గూడెంలోనే పోయింది.

క్యాంపు నుంచి వచ్చాక మొహర్రం నెలలో మా జట్టంతా నెల్లూరు రొట్టెల పండక్కి పోయింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. రెడ్ల అమ్మాయి ఏ రొట్టె తీసుకుందో మాకు చెప్పలేదు. మేనమామతో పెళ్ళి మాత్రం జరగలేదు. ఆ చెరువులో ఎవరి రొట్టె ఎవరి చేతిలోకి పోయిందో లెక్క కట్టే సూత్రం ఏ అజీజుల్ హక్కూ కనిపెట్టలేదు.

ఇదంతా చెప్పి మా ఇంటి సంగతి దాచిపెడితే అన్యాయం. సయ్యదులు, షేకులు, పఠాన్లు, దూదేకుల వాళ్ళు వేరువేరు గుంపులనీ, ఒకరికొకరు పిల్లనివ్వరనీ పాఠ్యపుస్తకం రాస్తే మాకు కోపం వచ్చింది. ఇస్లాంలో ఎచ్చుతగ్గులు లేవని మాలో ఒకరం వాదించాం. దూదేకుల పిల్ల మెల్లగా అంది: “బయట నన్ను తురకదానివంటారు. మీ ఇళ్ళలో నేను తురకదాన్ని కూడా కాదు. ఉర్దూ రాదని నవ్వుతారు. ఎవరైనా మీ అన్నకు నన్ను అడుగుతారా?” ఎవరం మాట్లాడలేదు. మతంలో లేని మెట్లు మా వీధుల్లో ఉన్నాయి.

2007లో రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలలో వెనుకబడిన పద్నాలుగు వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను చట్టం తెచ్చింది. ఆ జాబితాలో అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, లబ్బైలు, షేకులు, సిద్దీలు, ఎలుగుబంట్లను ఆడించే వాళ్ళు ఉన్నారు. సయ్యదులు, పఠాన్లు, మొగలులు లేరు. దూదేకుల వాళ్ళు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ జాబితా చదువుతుంటే మా పాత తరగతి గుర్తొచ్చింది. ముక్కులు కొలిచి ఎచ్చుతగ్గులు తేల్చిన జాబితాలు అవి. చేసే పని, పడిన అవమానం చూసి హక్కు ఇచ్చిన జాబితా ఇది. రెండూ మనుషుల్ని విడదీసే జాబితాలే. దేనికోసం విడదీస్తున్నామన్న దాంట్లో తేడా అంతా ఉంది.

ఇప్పుడు రక్తం చుక్కల కాలం పోయి డీఎన్ఏ కాలం వచ్చింది. 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్ళతో కలిసి చేసిన పరిశోధన, ఈ దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయికేనని చెప్పింది. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య జరిగిందని 2013లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. ఆ తర్వాతే పెళ్ళిళ్ళు కులాల గోడల్లోకి ముడుచుకున్నాయట. భారతీయ ముస్లింల మీద 2010లో వచ్చిన అధ్యయనం, మా రక్తం చాలావరకు పక్కింటి వాళ్ళ రక్తమేననీ, బయటి పాలు కొద్దిగానే ఉందనీ చెప్పింది.

ఈ వార్త తెలిసినప్పుడు మా బంధువులు సంబరపడ్డారు. “చూడండి, మనం ఇక్కడి వాళ్ళమేనని సైన్సు ఒప్పుకుంది” అన్నారు. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి మా వీధుల్లో జనం తాతల నాటి కాగితాలు వెతుక్కుంటున్నప్పుడు కూడా ఈ మాట మళ్ళీ వినపడింది. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఆ సర్టిఫికెట్టు మాకొద్దు. ఎందుకంటే ఆ జాబితాలోనే సిద్దీలు ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారని వాళ్ళ ముఖమే చెపుతుంది, డీఎన్ఏ అక్కర్లేదు. మన మధ్య ఇరానీలూ ఉన్నారు. సయ్యదుల్లో ఎక్కడో ఒక అరబ్బు తాత నిజంగానే ఉండవచ్చు. రక్తం ఇక్కడిదని మేం చూపించి లోపలికి పోతే, గుమ్మం బయట వాళ్ళను వదిలేసిన వాళ్ళమవుతాం. యానాదులకు రక్తం సాక్ష్యం నిండుగా ఉంది. వాళ్ళకు అది దీవిని మిగిల్చిందా?

1972లో లెవాంటిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. మనుషుల మధ్య ఉన్న జన్యు భేదాల్లో నూటికి ఎనభై ఐదు పాళ్ళు ఒకే గుంపులోని మనుషుల మధ్యనే ఉన్నాయి. గుంపుకూ గుంపుకూ మధ్య మిగిలేది కొంచెం. మా ఐదుగురి మధ్య ఉన్న తేడాయే మాకూ మా మిత్రులకూ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం. మమ్మల్ని ఐదుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది రక్తం కాదు, మిగతా వాళ్ళ చూపు. ఆ బల్ల దగ్గరికి మిగతా ముగ్గురినీ తెచ్చింది కూడా రక్తం కాదు.

మా జిల్లా పేరు వైద్య గ్రంథాల్లో ఒక మంచి పనికి కూడా నిలిచిపోయింది. అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల్లో జనం నడుములు వంగి, కీళ్ళు బిగుసుకుని నడివయసుకే మంచాన పడేవాళ్ళు. 1937లో షార్ట్, ఆయన సహచరులు దాన్ని పరిశీలించి, కారణం బావినీళ్ళలోని ఫ్లోరైడు అని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ అట్లా లోకానికి తెలిసింది. ఆ ఊళ్ళు చాలావరకు 1970 తర్వాత ప్రకాశం జిల్లాలోకి పోయాయి. ఎముకను వంచింది జాతి అయితే చేసేదేమీ లేదు. నీళ్ళు వంచితే నీళ్ళు మార్చవచ్చు. కొలిచి ఏం జేస్తారని అడిగిన ఆ ముసలామెకు మేం చెప్పగలిగిన జవాబు ఇదొక్కటే.

ఇప్పుడు మా ఒడ్డు పిల్లలు మాకంటే పెద్ద యంత్రాలతో ఈ చదువు చదువుతున్నారు. వాళ్ళలో మా పిల్లలూ ఉన్నారు, యానాది పిల్లలూ పట్టపు పిల్లలూ ఉన్నారు. వాళ్ళకొక మాట. తొంభైలలో మా ఒడ్డున రొయ్యల గుంటలు తవ్వారు. 1994లో రొయ్యలకు జబ్బు తగిలి చాలామంది మునిగారు. 1996లో సుప్రీంకోర్టు ఆ గుంటల మీద తీర్పు చెప్పింది. గుంటల పక్క బావుల్లో నీళ్ళు ఉప్పగా మారిన ఊళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళు తాగే ఆడవాళ్ళ రక్తం ఎట్లా ఉందో చూడండి. బీడీలు చుట్టే మా తల్లుల ఊపిరితిత్తులు చూడండి. కూలికి పోయే యానాది తల్లికి పుట్టిన బిడ్డ బరువెంతో తూచండి. తూచాక ఫారంలో వాళ్ళ పేరు కూడా రాయండి.

మా వేళ్ళు ఇస్తాం, పొడవండి. మేం యాడ నుంచి వచ్చామో తేల్చడానికి మాత్రం వద్దు. మేం ఇక్కడ ఎట్లా బతుకుతున్నామో తేల్చండి.